రెక్క కరిగింది, మనసు విరిగింది: కిట్లన్నీ అమ్మేయమంటారా అన్నా?

ప్రశ్న: అన్నా, నాకు ముప్పై ఆరేళ్లు, నిజాంపేటలో ఉంటా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో స్కేల్ మోడల్స్ (కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగేసి చేసే బుల్లి విమానాలూ ట్యాంకులూ) మొదలుపెట్టా, ఇప్పటికి ఏడు పూర్తయ్యాయి. 2025 జూన్‌లో 1/48 స్కేల్ (అసలుదాంట్లో నలభై ఎనిమిదో వంతు) మిగ్-21 బైసన్ యుద్ధవిమానం కిట్ తెరిచా. సెప్టెంబరు 26న చండీగఢ్‌లో ఆ విమానానికి వీడ్కోలు అని వార్త వచ్చాక, ఆ రోజుకల్లా పూర్తి చేసి ఫొటో పెట్టాలని పంతం పట్టా. ఆగస్టులో ఒక రాత్రి, బయట వాన, బాల్కనీలో చివరి మ్యాట్ కోటు (మెరుపు లేని వార్నిష్) కొట్టా. పది నిమిషాల్లో విమానమంతా బూజు పట్టినట్టు తెల్లబడింది. కంగారులో హార్డ్‌వేర్ షాపు థిన్నర్‌లో గుడ్డ ముంచి తుడిచా. ఎడమ రెక్క మీద ప్లాస్టిక్ కరిగి నా వేలిముద్ర దిగిపోయింది. ఆ గొడవలో కానొపీ (పైలట్ మీదుండే అద్దం మూత) ఊడితే సూపర్ గ్లూతో అంటించా, పొద్దున చూస్తే అద్దమంతా పొగచూరినట్టు ఉంది. అప్పటినుంచి ఐదు నెలలు, టేబుల్ ముందు కూర్చోలేదు. బీరువా మీద ఇంకా పదకొండు కిట్లున్నాయి. మా ఆవిడ ‘అమ్మేయరాదూ, కాస్త చోటైనా మిగులుతుంది’ అంటోంది. రోజూ ఫోన్‌లో వేరేవాళ్ల మోడల్స్ చూస్తూ కూర్చుంటా, చూసినకొద్దీ ఇది నాకు చేతకాని పని అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. కిట్లు అమ్మకు. మిగ్‌ని పారెయ్యకు. అలాగని ఇప్పుడే దాన్ని కిందికి దించి బాగుచెయ్యడానికీ కూర్చోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. ఆ రాత్రి నువ్వు మూడు తప్పులు చేశానని అనుకుంటున్నావు. నాకైతే ఒకటే కనిపిస్తోంది, అది కోటు తెల్లబడటం కాదు, తెల్లబడ్డాక పడుకోకపోవడం. మొదటిది వాన చేసిన పని. స్ప్రేలోని సాల్వెంట్ గబగబా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ నిండుగా ఉంటే ఆ చల్లదనానికి నీటి ఆవిరి వచ్చి తడి వార్నిష్ మీద వాలుతుంది, అది లోపల చిక్కుకుని తెల్లటి పొరలా కనిపిస్తుంది. మంచు గ్లాసు బయట చెమట పట్టినట్టే అనుకో. దీనికి తోడు మ్యాట్ కోటు కాస్త మందంగా పడితే దాంట్లోని మ్యాట్ పొడి కూడా తెల్లగా తేలుతుంది. హైదరాబాదులో ఆగస్టు రాత్రి బాల్కనీలో లాకర్ (గబగబా ఆరే ఘాటు వార్నిష్) కోటు కొట్టిన ప్రతివాడికీ ఇది ఏదో ఒక రోజు జరిగే తీరుతుంది, నాకు రెండుసార్లు జరిగింది, రెండోసారి తెలిసి తెలిసి కొట్టా కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

అసలు బాధ కలిగించే సంగతి ఏంటంటే, అది చాలావరకు అరగంటలో తీరిపోయే సమస్య. పొడిగా ఉన్న రోజు చూసుకుని ఆ తెల్లదనం మీద పల్చగా ఒక గ్లాస్ (మెరిసే వార్నిష్) కోటు వేస్తే, చాలాసార్లు కింది రంగు మళ్లీ పైకి వచ్చేస్తుంది. అది బాగా ఆరాక, మరో పొడి రోజున, పొగలా పల్చగా మ్యాట్ వేసుకోవడమే. ఆ రాత్రి లైటు ఆర్పేసి పడుకుని ఉంటే పొద్దున నీకు మిగిలేది ఆ ఒక్క పని. కానీ రాత్రి పదకొండింటికి, నాలుగు వారాల్లో సెప్టెంబరు 26 తరుముకొస్తుంటే, చేతిలో గుడ్డ ఉన్నవాడికి నిద్ర ఎలా పడుతుందిలే. 1963 నుంచి అరవై రెండేళ్లు ఎగిరిన విమానానికి నీ ఫొటో వారం ఆలస్యమైతే పోయేదేమీ లేదని ఇప్పుడు నాకు చెప్పడం తేలికే. పంతం పట్టినప్పుడు అవేమీ గుర్తుకురావు.

ఇక థిన్నర్. మనం కిట్లు అతికించే లిక్విడ్ సిమెంట్ నిజానికి జిగురు కాదు కదా, రెండు వైపులా ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. హార్డ్‌వేర్ షాపు థిన్నర్‌ది కూడా అదే గుణం, కాకపోతే అది ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. గుడ్డకి పట్టించి రుద్దావంటే రెక్క మొత్తానికి సిమెంట్ పూసినట్టే. ఇకపై రంగు తీసేయాల్సి వస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడు, మెడికల్ షాపుల్లోనూ ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోటా దొరుకుతుంది, ప్లాస్టిక్‌ని ఏమీ అనదు, చాలా రకాల యాక్రిలిక్ రంగుల్ని వదిలిస్తుంది. కిటికీ తెరుచుకో, దగ్గర్లో దీపం, అగరుబత్తి, స్టవ్వు లేకుండా చూసుకో, భగ్గుమంటుంది. లాకర్ రంగు అయితే మొండిది, అంత తేలిగ్గా వదలదు, దానికి సాండింగే (గరుకు కాగితంతో రుద్దడమే) గతి.

కానొపీ సంగతి వింటే నీకు నవ్వొస్తుంది, ఇప్పుడు కాకపోయినా తర్వాతైనా. సూపర్ గ్లూ ఆరేటప్పుడు ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి ఎక్కడ కాస్త తేమ, కాస్త చేతి జిడ్డు దొరికితే అక్కడ తెల్లగా పేరుకుంటుంది. పోలీసులు వస్తువుల మీద దొంగల వేలిముద్రలు బయటపెట్టడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి, మూసిన పెట్టెలో సూపర్ గ్లూ ఆవిరి పట్టిస్తారు. అంటే ఒకే రాత్రి రెక్క మీద ఒక రకంగా, అద్దం మీద ఇంకో రకంగా, నీ వేలిముద్రలు రెండుసార్లు రికార్డు అయ్యాయన్నమాట. ఇకపై కానొపీకి ఫెవికాల్ చాలు. తెల్లగా పెడతావు, ఆరాక అద్దంలా అయిపోతుంది, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు.

బాగుచెయ్యడం ఎలాగో చెప్తా, కానీ చదివి పక్కన పెట్టుకో, ఈ వారం చెయ్యకు. కానొపీ పొగ లోపలివైపు ఉంటే ఊడదీయక తప్పదు. మోడల్‌ని ఒక కవర్లో పెట్టి గంటసేపు ఫ్రీజర్లో ఉంచు, సూపర్ గ్లూ చల్లదనానికి పెళుసుబారుతుంది, తర్వాత అంచున సన్నటి బ్లేడుతో మెల్లగా తడితే టక్కున వస్తుంది. (మీ ఆవిడకి ముందే చెప్పు. మా ఇంట్లో ఒకసారి చెప్పకుండా పెట్టా, కొత్తిమీర కట్ట కింద యుద్ధవిమానం దొరికింది, ఆ రోజు నడిచిన యుద్ధం వేరు.) 2000 నంబరు వాటర్ పేపర్‌తో (బాగా సన్నటి గరుకు కాగితం) నీళ్లు పోస్తూ రుద్ది, తర్వాత జెల్ కాని మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో మెత్తటి నూలు గుడ్డ పెట్టి ఓపిగ్గా పాలిష్ చెయ్యి, చివర్లో రంగులేని మెరిసే యాక్రిలిక్ వార్నిష్‌లో ఒక్క ముంచు ముంచి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఆరనివ్వు.

రెక్క ఇంకా తేలిక, నువ్వు నమ్మవు గానీ. కరిగిన ప్లాస్టిక్ ఐదు నెలల్లో ఎప్పుడో గట్టిపడి ఉంటుంది, అంటే నీ బద్ధకం ఇక్కడ నీకు మేలే చేసింది, రెండో రోజే సాండింగ్ మొదలుపెట్టి ఉంటే మెత్తటి ప్లాస్టిక్ పేపర్ వెంట లేచి ఇంకా ఛండాలం అయ్యేది. లేచిన గట్లని 400 నంబరు పేపర్‌తో చదును చెయ్యి. గుంటల్లో సూపర్ గ్లూలో టాల్కమ్ పౌడర్ కలిపిన ముద్ద నింపు (కానొపీ తీసేశాకే సుమా), కాస్త గట్టిపడగానే అదే రోజు సాండ్ చెయ్యి, ఎందుకంటే రోజులు గడిస్తే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడి చుట్టుపక్కల ప్లాస్టిక్ అరిగిపోతుంది గానీ అది అరగదు. తర్వాత 600, 1000. పోయిన ప్యానెల్ లైన్లకి (రేకుల అతుకులు చూపే సన్నటి గీతలు) ఎంబాసింగ్ లేబుల్ టేప్, అంటే పేర్లు ముద్రించే మందపాటి టేప్, ముక్క అంటించి, దాని అంచు వెంబడి సూదిని బరువు పెట్టకుండా పదిసార్లు లాగు. బలంగా ఒక్కసారి లాగావంటే సూది దారి తప్పుతుంది, ఇక దాన్ని పూడ్చే పని ఇంకోటి.

ఇదంతా రెండు మూడు ఆదివారాల పని. మరి ఇప్పుడే ఎందుకు వద్దంటున్నానంటే, నీ చెయ్యి ఇప్పుడు భయపడి ఉంది. ‘చేతకాని పని అనిపిస్తోంది’ అని రాశావు, అదే వాక్యంలో రోజూ వేరేవాళ్ల మోడల్స్ చూస్తున్నానని కూడా రాశావు. కిట్ల మీద నిజంగా విసుగొచ్చినవాడు వాటివైపు కన్నెత్తి చూడడు తమ్ముడూ, క్రికెట్టో వంటో బైకో ఇంకేదో పట్టుకుని హాయిగా పోతాడు, అలా పోయినవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి ఏ బాధా లేదు, వాళ్లయితే అమ్మేసుకోవచ్చు. నీకున్నది విసుగు కాదు. ఆ రెక్కని మళ్లీ ముట్టుకోవాలంటే జంకు, అంతే. ఆ జంకు పోవాలంటే, పోయినా పర్వాలేదనుకునే వస్తువు మీద ముందు చెయ్యి తిరగాలి.

నా సంగతి చెప్తా. కొన్నేళ్ల కిందట ఒక 1/700 యుద్ధనౌక మోడల్ మీద కూర్చున్నా. దాని రెయిలింగులు ఇత్తడి రేకువి, వెంట్రుక మందం. ఒక రాత్రి మోచెయ్యి తగిలి ఎడమవైపు రెయిలింగ్ మొత్తం నలిగిపోయింది. సరిచెయ్యబోయి కుడివైపుదీ నలిపా. నీ కథే. డబ్బాలో పెట్టి అటక మీదకి ఎక్కించా, దాదాపు ఏడాదిన్నర దాని మొహం చూడలేదు. మళ్లీ నన్ను టేబుల్ దగ్గరికి తెచ్చింది ఏ కొత్త కిట్టూ కాదు, మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు. థర్మాకోల్‌తో చార్మినార్, రేపొద్దున ఎనిమిదింటికి కావాలి, అడిగింది ముందురోజు రాత్రి ఎనిమిదింటికి. పిల్లలంతా అంతే అనుకుంటా. నేను అలవాటు కొద్దీ స్కేలు కట్టా, అసలుది ఒక్కో వైపు 20 మీటర్లు కాబట్టి 1/100లో 20 సెంటీమీటర్లు అని గీతలు గీస్తుంటే అది ‘నాన్నా, టీచర్ స్కేల్ చూడదు, తొందరగా కానీ’ అంది. రాత్రి పన్నెండింటికి మినార్లు నిలబడ్డాయి. నిద్ర కళ్లతో నేను వెళ్లి స్ప్రే డబ్బా తెచ్చి ఒక వైపు కొట్టా. ఇన్నేళ్లు ప్లాస్టిక్ మోడల్స్ చేసినవాణ్ని, థర్మాకోల్ కూడా మన కిట్ల ప్లాస్టిక్కే, అదీ పాలిస్టైరీనే, కాకపోతే గాలి నింపి పొంగించింది, ఆ సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు. కళ్ల ముందే ఒక వైపు గోడ చీమలు తిన్నట్టు గుంటలు పడి లోపలికి కుంగిపోయింది. నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నా. మా అమ్మాయి దగ్గరికొచ్చి చూసి, ‘ఇదే బాగుంది నాన్నా, నాలుగొందల ఏళ్ల పాతది అన్నారు కదా, మిగిలిన వైపులు కూడా ఇట్లనే కొట్టు’ అంది. ఉత్తినే కాదు, నిజంగానే అంది. మిగిలిన మూడు వైపులకీ దూరం నుంచి కొంచెం కొంచెంగా కావాలనే కొట్టాం. గుంటలు మనకి కావలసిన చోట పడుతుంటే ఇద్దరం ఒంటిగంట దాకా నవ్వుకుంటూ కూర్చున్నాం. ఆ వారంలోనే నేను ఒక చిన్న 1/72 నాట్ (మన వాయుసేన వాడిన చిన్న యుద్ధవిమానం) కిట్ తెరిచా. నౌక ఇంకా అటక మీదే ఉంది, అది వేరే సంగతి.

అందుకని నువ్వు చెయ్యాల్సిన మొదటి పని, బేగంబజార్ వెళ్లి యాభై ప్లాస్టిక్ చెంచాల కట్ట ఒకటి కొను. నవ్వకు. రంగు, వార్నిష్, థిన్నర్ ఏదైనా ముందు చెంచా వీపు మీద పడాలి, తర్వాతే మోడల్ మీద. గుండ్రంగా ఉంటుంది కాబట్టి విమానం ఒంటి మీద రంగు ఎలా పడుతుందో అలాగే పడుతుంది, పాడైతే చెత్తబుట్ట. పది చెంచాలు పాడుచేశాక చేతికి జంకు దానంతటదే తగ్గుతుంది. రెండో పని, ఆ పదకొండింట్లో అన్నిటికంటే చవకది, నీకు అంత ప్రాణం కానిది తీసి, పెట్టెలో ఏముందో దాంతోనే, అదనపు హంగులేమీ కొనకుండా, పూర్తి చెయ్యి. ట్యాంకు ఉంటే ఇంకా మంచిది, దానికి బురద పూయొచ్చు, బురద కింద సగం తప్పులు దాక్కుంటాయి (ట్యాంకులు చేసేవాళ్లు నన్ను కొడతారు, అయినా అది నిజమే). టేబుల్ ముందు కూర్చోబుద్ధి కాని రోజు మ్యాచ్ చూస్తూ స్ప్రూ (కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి ముక్కలు కోసి అంచులు గీకు, దానికి మూడ్ అక్కర్లేదు.

ఇంకోటి, మన ఊరి వాతావరణంతో కొట్లాడకు. నేనైతే రైతుల్లాగే కాలం చూసుకుంటా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అతికించడం, సాండింగ్, కాక్‌పిట్‌లో చిన్నచిన్న కుంచె పనులు. స్ప్రే పనులన్నీ వానలు వెళ్లాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మే నెల మధ్యాహ్నం కూడా వద్దు, నలభై డిగ్రీల్లో యాక్రిలిక్ రంగు గాల్లోనే ఆరిపోయి మోడల్ మీద ఇసుక చల్లినట్టు గరుగ్గా పడుతుంది, ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే పరికరం) సూది మొన దగ్గరా గడ్డకడుతుంది. మరీ ఆగలేకపోతే తెల్లారి ఆరింటికి లేచి కొట్టు. తేమ చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు, 65 శాతం దాటితే నేను ఎయిర్‌బ్రష్ బయటికే తియ్యను. నువ్వు ఉత్తరం రాసింది జనవరిలో, అంటే ఇప్పుడు బయట గాలి స్ప్రేకి సరిగ్గా సరిపోయేలా ఉంది. నేను చెప్పకుండా ఉండాల్సింది, వెంటనే మిగ్ తీస్తావేమో. ముందు చెంచాలు.

ఫోన్‌లో చూసే మోడల్స్ గురించి కూడా ఒక లెక్క చెప్పాలి. 1/48లో నీ మిగ్ రెక్కల చివర నుంచి చివరకి 15 సెంటీమీటర్లు. అది ఫోన్ తెరని నింపేసి, వేళ్లతో ఇంకా పెద్దది చేసి చూస్తే, ఏ మోడల్‌నీ ఎవరూ అంత దగ్గర నుంచి కంటితో చూడరు. 0.2 మిల్లీమీటర్ల సందు అసలు విమానంలో దాదాపు సెంటీమీటర్ అవుతుంది, నిజమే, కానీ కంటికి అది ఒక సన్నటి గీత. పైగా వాళ్లు పెట్టేది ఎనిమిదో ఫొటో, మొదటి ఏడూ వాళ్ల దగ్గరే ఉంటాయి, కరిగిన రెక్కలూ వాళ్ల దగ్గరే ఉంటాయి.

నేను అప్పట్లో సైనిక్‌పురిలో ఉండేవాణ్ని. పక్కింట్లో ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. డెకాల్స్ (కిట్‌తో వచ్చే అంటించే గుర్తులు) చిరిగిపోతే నేను ఆ నాట్‌కి రౌండెల్స్ (వాయుసేన గుండ్రటి గుర్తులు) చేత్తో వేశా, మాస్క్ కోసి, మూడు రంగులూ చక్కగా, అంచులు కూడా పదునుగా వచ్చాయి. షెల్ఫ్‌లో ఎన్నో నెలలు ఉంది, ఎంతోమంది చూశారు. ఆయన ఒకసారి చాయ్‌కి వచ్చి, చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, ‘ఇది ఏ దేశానిదయ్యా?’ అన్నాడు. మన రౌండెల్‌లో కాషాయం బయట ఉంటుంది, మధ్యలో ఆకుపచ్చ. నేను తిరగేసి వేశా. భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఆయన మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూనే, ‘రంగు మరీ ఇంత ఒక్కతీరుగా వేశావేంటి, మా దగ్గర ఒక్క విమానమూ ఇట్ల ఉండేది కాదు, ఒక దగ్గర ఊడితే ఆ రోజు డబ్బాలో ఏ రంగుంటే అది పూసేవాళ్లం’ అన్నాడు. నేను సిగ్గుపడుతున్న తప్పు గురించి ఆయన మళ్లీ మాట్లాడనే లేదు, నేను గర్వపడుతున్న దాన్ని మాత్రం తప్పుపట్టి వెళ్లాడు. ఆ నాట్ ఇంకా అట్లాగే ఉంది, తిరగేసిన రౌండెల్స్‌తోనే. సరిచెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదు.

మీ ఆవిడ మాట కూడా కొట్టిపారెయ్యకు. పదకొండులో రెండు మూడు, ఎవరో చేస్తే చూసి కొన్నవి, ఎప్పటికీ తెరవవని నీకూ తెలిసినవి ఉంటాయి, వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యి. బీరువా మీద చోటు వస్తుంది, ఇంట్లో కాస్త శాంతి, నీకూ ఆ కిట్లు పైనుంచి చూస్తున్నాయన్న బరువు తగ్గుతుంది. అయితే ఏవి ఇవ్వాలో చిన్న కిట్ పూర్తయ్యాకే తేల్చుకో, నీరసంలో ఉన్నప్పుడు చేసే లెక్కలన్నీ తప్పుతాయి, ఆ రోజున బంగారం లాంటి కిట్ కూడా బరువుగానే కనిపిస్తుంది.

మిగ్‌ని ఎప్పుడు దించాలో నీకే తెలుస్తుంది, చిన్నది పూర్తయ్యాక ఏదో ఒక ఆదివారం దానివైపు చెయ్యి దానంతటదే వెళ్తుంది. దించిన రోజు మాత్రం ఒక పని చెయ్యి. గ్లాస్ కోటు వెయ్యకముందే, మూర దూరం నుంచి, జూమ్ చెయ్యకుండా ఒక ఫొటో తీసి నాకు పంపు. వేలిముద్ర ఉన్న రెక్క ఇటువైపు తిప్పి.